దేశం దేన్ని వదులుకోలేదు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: రాజకీయంలో, ఆర్థికంలో, సంస్కృతిలో ఒక దేశం దేన్ని ప్రాణప్రదంగా చూసుకుంటుంది, ఆ సంగతి ఎవరు తేలుస్తారు, ఎలా కాపాడుకుంటారు. అంతర్జాతీయ సంబంధాలు, వాణిజ్య న్యాయం, రాజ్యాంగ విషయాలు చూసే మా బృందం జవాబులు రాసింది.

ప్రశ్న: సరిహద్దు తగాదా వస్తే జాతీయ ప్రయోజనం అంటారు. దిగుమతి సుంకం పెంచినా అదే మాట, సినిమాలకు కోటా పెట్టినా అదే మాట. అన్నీ కీలకమే అయితే ఇక కీలకం కానిదేముంది? సామాన్యులం దీన్ని ఎలా తూచాలి?

జవాబు: మీ అనుమానం సరైనదే. ఒక విషయానికి ‘కీలకం’ అని ముద్ర పడగానే దాని మీద చర్చ ఆగిపోతుంది. ఖర్చెంత అని అడిగినవాళ్లు దేశం మీద ప్రేమ లేనివాళ్లుగా కనిపిస్తారు. అందుకే ముందు మెట్లు విడదీయాలి. అమెరికన్ రాజనీతి పండితుడు డొనాల్డ్ న్యూక్టర్‌లైన్ చేసిన విభజన ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఆయన నాలుగు మెట్లు పెట్టాడు. మొదటిది మనుగడ: దేశం ఉంటుందా పోతుందా అన్నంత దగ్గరి ముప్పు. రెండోది కీలకం: అవసరమైతే బలప్రయోగంతో సహా గట్టి చర్య తీసుకోకపోతే తీవ్ర నష్టం తప్పదు. మూడోది ప్రధానం: నష్టం ఉంటుంది కానీ బేరసారాలతో సర్దుకోవచ్చు. నాలుగోది అంచున ఉండేవి: కొన్ని కంపెనీలకో కొందరు పౌరులకో దెబ్బ తగులుతుంది, దేశం మొత్తానికి కాదు.

వీటికి ఎదురుగా మరో నాలుగు గళ్లు వేసుకోండి: స్వదేశ రక్షణ, ఆర్థిక క్షేమం, తనకు అనుకూలమైన ప్రపంచ పరిస్థితి, తాను నమ్మిన విలువలు. తగాదా పడుతున్న రెండు దేశాలకూ విడివిడిగా ఈ పట్టిక నింపండి. అప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఏ దేశానికి ఆ విషయం పై మెట్టు మీద ఉంటే ఆ దేశం ఎక్కువ కాలం, ఎక్కువ నష్టానికి ఓర్చి పోరాడుతుంది. బలం ఎవరికి ఎక్కువ అన్నది ఆ తర్వాతి లెక్క. 1960లలో అమెరికా దక్షిణ వియత్నాంను కీలకం మెట్టు మీద పెట్టింది. ఉత్తర వియత్నాం నాయకత్వానికేమో దేశాన్ని ఏకం చేయడం మనుగడకు సంబంధించిన విషయం. అమెరికా వైపు 58 వేల మందికి పైగా సైనికులు చనిపోయారు. వియత్నాం వైపు మరణాలు దానికి ఎన్నో రెట్లు. 1975లో సైగాన్ పడిపోయింది. దానివల్ల అమెరికా భద్రత గానీ సంపద గానీ కూలిపోలేదు. 1995లో ఆ రెండు దేశాలూ దౌత్య సంబంధాలు కలుపుకున్నాయి. అంటే ఆ గడిలో మొదట రాసిందే తప్పు.

ఏదైనా కొత్త విషయాన్ని కీలకం అని ఎవరైనా చెప్పినప్పుడు ఈ ప్రశ్నలు వరుసగా అడగండి. ఇది పోతే కచ్చితంగా ఏది పోతుంది, ఎవరికి పోతుంది? రోజుల్లోనా, ఏళ్లలోనా? దానికి బదులు ఏదైనా దొరుకుతుందా, దొరకడానికి ఎంత కాలం పడుతుంది? కాపాడుకోవడానికి డబ్బు, ప్రాణాలు, మిత్రదేశాలు ఈ మూడింట్లో దేన్ని ఎంత ఖర్చు పెడతారు? ఆ ఖర్చు భరించేవాళ్లూ లాభపడేవాళ్లూ ఒకరేనా? చివరి ప్రశ్నకు జవాబు రాకపోతే అది దేశ ప్రయోజనం పేరుతో నడుస్తున్న ఒక వర్గం ప్రయోజనం అయ్యే అవకాశం ఎక్కువ.

కొన్ని దేశాలు తమ జాబితాను తామే ప్రకటిస్తాయి. చైనా 2011లో విడుదల చేసిన శ్వేతపత్రంలో ఆరు మూల ప్రయోజనాలున్నాయి: రాజ్య సార్వభౌమత్వం, జాతీయ భద్రత, ప్రాదేశిక సమగ్రత, దేశ పునరేకీకరణ, రాజ్యాంగం నెలకొల్పిన రాజకీయ వ్యవస్థతో పాటు సామాజిక స్థిరత్వం, ఆర్థిక సామాజిక అభివృద్ధి నిలకడగా సాగడానికి కావలసిన ప్రాథమిక హామీలు. ఐదోదాన్ని రెండుసార్లు చదవండి. పాలనా వ్యవస్థ నిలబడటమూ దేశం నిలబడటమూ అక్కడ ఒకే వాక్యంలో చేరిపోయాయి. ఏ దేశపు జాబితా చదివినా ఈ చేరిక ఎక్కడ జరిగిందో వెతకాలి.

ప్రశ్న: చిన్న దేశం, సైన్యం కూడా లేని దేశం, పెద్ద నౌకాదళమున్న దేశాన్ని చేపల విషయంలో లొంగదీసిందని చదివాను. అదెలా సాధ్యం?

జవాబు: అది ఐస్‌లాండ్. ఎదుటి దేశం బ్రిటన్. కాడ్ అనే చేప కోసం జరిగిన ఈ తగాదాలకు ‘కాడ్ యుద్ధాలు’ అని పేరు పడింది. పై జవాబులో చెప్పిన పట్టికకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

అప్పట్లో ఐస్‌లాండ్ ఎగుమతుల్లో అత్యధిక భాగం చేపలే. చెప్పుకోదగ్గ ఖనిజాలు లేవు, పెద్దగా వ్యవసాయం లేదు. చుట్టూ ఉన్న సముద్రంలో చేప తరిగిపోతే దేశానికి ఆదాయం ఉండదు. అందుకని తీరం నుంచి తన హక్కు ఉండే దూరాన్ని విడతలుగా పెంచుకుంటూ పోయింది: 1952లో 4 నాటికల్ మైళ్లు, 1958లో 12, 1972లో 50, 1975లో 200. ప్రతిసారీ బ్రిటన్ ఒప్పుకోలేదు. 1958 నుంచి తన ట్రాలర్లకు (పెద్ద వల లాగుతూ చేపలు పట్టే ఓడలకు) కాపలాగా యుద్ధనౌకలను పంపింది. ఐస్‌లాండ్ దగ్గర ఉన్నవి కొన్ని తీరరక్షక పడవలు మాత్రమే.

ఆ పడవలు తుపాకీ కంటే ఎక్కువగా వాడిన ఆయుధం తీగ కోసే పరికరం. పడవ వెనక తాడుకు కట్టి, ట్రాలర్ లాగుతున్న వలకూ ట్రాలర్‌కూ మధ్య నుంచి అడ్డంగా పోతే వల తీగ తెగిపోతుంది. వల, అందులోని చేప రెండూ సముద్రం పాలు. ఇలా ఒక్కో ట్రాలర్ యాత్రను నష్టంలోకి నెట్టారు. 1972 సెప్టెంబరులో మొదటిసారి వాడారు.

అయితే గెలిపించింది తీగ కోత కాదు. ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్‌లో అప్పట్లో అమెరికా నడిపే సైనిక స్థావరం ఉండేది. ఉత్తర అట్లాంటిక్‌లోకి వచ్చే సోవియట్ జలాంతర్గాముల మీద నిఘాకు నాటో కూటమికి అది చాలా అవసరమయ్యేది. 1976 ఫిబ్రవరిలో ఐస్‌లాండ్ బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. స్థావరం మూతపడవచ్చనీ, కూటమి నుంచే తప్పుకోవచ్చనీ సూచనలిచ్చింది. ఇప్పుడు పట్టిక చూడండి. చేప ఐస్‌లాండ్‌కు కీలకం. బ్రిటన్‌కు అది హల్, గ్రిమ్స్‌బీ వంటి రేవు పట్టణాల జీవనోపాధి. ఆ పట్టణాలకు పెద్ద దెబ్బే, దేశం మొత్తానికి మూడో మెట్టు. స్థావరం మాత్రం బ్రిటన్‌కూ దాని మిత్రులకూ రెండో మెట్టు. తన రెండో మెట్టు విషయాన్ని కాపాడుకోవడానికి బ్రిటన్ మూడో మెట్టు విషయాన్ని వదులుకుంది. 1976 జూన్ ఒప్పందం ప్రకారం సగటున రోజుకు 24 ట్రాలర్లకు మాత్రమే, అది కూడా ఆరు నెలల పాటే అనుమతి దక్కింది.

న్యాయస్థానంలో ఐస్‌లాండ్ గెలవలేదన్నది కూడా గుర్తుంచుకోండి. ఏకపక్షంగా 50 మైళ్ల నుంచి బ్రిటిష్ పడవలను వెళ్లగొట్టే హక్కు లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 1974లో చెప్పింది. కానీ అప్పటికే ఎన్నో తీరదేశాలు అదే బాట పట్టాయి. 1977 ఆరంభంలో బ్రిటన్ తానే 200 మైళ్లు ప్రకటించుకుంది. 1982 సముద్ర చట్ట ఒడంబడిక 200 మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలాన్ని అందరికీ హక్కుగా గుర్తించింది.

గెలిచాక తలెత్తిన సమస్య గురించి తక్కువమంది రాస్తారు. విదేశీ పడవలు పోయాక ఐస్‌లాండ్ సొంత పడవలే అతిగా పట్టడం మొదలుపెట్టాయి. చివరికి 1984లో కాడ్‌తో సహా ముఖ్యమైన చేపలకు పడవల వారీ కోటాలు పెట్టుకోవలసి వచ్చింది. పరాయివాళ్ల నుంచి కాపాడుకున్న వనరును సొంతవాళ్ల నుంచి కూడా కాపాడుకునే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

ప్రశ్న: మతమో భాషో భావజాలమో ఒకటే అయిన దేశాలు కూడా ఎందుకు ఎదురుపడతాయి?

జవాబు: ఉమ్మడి నమ్మకం కంటే సరిహద్దు దగ్గరగా ఉంటుంది కాబట్టి. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో రాజు ముఖ్య మంత్రి కార్డినల్ రిషెల్యూ కాథలిక్ చర్చి పెద్ద కూడా. అయినా ముప్పై ఏళ్ల యుద్ధంలో ప్రొటెస్టెంట్ స్వీడన్‌కు డబ్బిచ్చాడు. 1635లో కాథలిక్ స్పెయిన్ మీదే నేరుగా యుద్ధం ప్రకటింపజేశాడు. స్పెయిన్, ఆస్ట్రియాలను ఏలే హాబ్స్‌బర్గ్ వంశం భూభాగాలు ఫ్రాన్సు చుట్టూ ఉండటం ఆయనకు మతం కంటే పెద్ద సంగతి. 1848 మార్చి 1న బ్రిటిష్ పార్లమెంటులో విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ ఇదే చెప్పాడు: తమకు శాశ్వత మిత్రులూ లేరు, శాశ్వత శత్రువులూ లేరు, ప్రయోజనాలే శాశ్వతం అన్నది ఆయన మాటల సారం. ప్రయోజనాలు కూడా శాశ్వతం కావని ఆ తర్వాతి చరిత్ర చూపించింది. బొగ్గుతో నడిచే ఓడలకు ప్రాణమైన రేవులు చమురు వచ్చాక మామూలు రేవులైపోయాయి.

ప్రశ్న: ఒక సరుకు దేశానికి ఆర్థికంగా కీలకమా కాదా అని లెక్కలతో చెప్పగలమా? పోటీ పరీక్షలకు చదువుతున్నాను. నిర్వచనాలు వద్దు, చేసే పద్ధతి చెప్పండి.

జవాబు: నాలుగు లెక్కలు వరుసగా చేయండి.

మొదటిది స్వయంసమృద్ధి శాతం. దేశీయ ఉత్పత్తిని తీసుకుని (ఉత్పత్తి + దిగుమతి – ఎగుమతి)తో భాగించి 100తో గుణించండి. 80 టన్నులు తయారై, 30 దిగుమతై, 10 ఎగుమతైతే వాడకం 100 టన్నులు, స్వయంసమృద్ధి 80 శాతం. ఈ ఒక్క అంకె చూసి నిశ్చింతగా ఉండటమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. ధాన్యం నూటికి నూరు శాతం ఇక్కడే పండవచ్చు. కానీ ఎరువు, డీజిల్, పురుగుమందు ముడిసరుకు బయటి నుంచి వస్తుంటే ఆ 100 శాతం కాగితం మీదిదే. అందుకే ఇదే లెక్కను ఒక మెట్టు వెనక్కి వెళ్లి ఇన్‌పుట్‌లకు, ఇంకో మెట్టు వెనక్కి వెళ్లి వాటి యంత్రాలకు కూడా వేయాలి.

రెండోది సరఫరా ఎంతమంది చేతుల్లో ఉంది అన్నది. ఒక్కో సరఫరా దేశం వాటా శాతాన్ని వర్గం చేసి కలపండి. ఒకరి వాటా 60, మిగతా ఇద్దరివి చెరి 20 అయితే 3,600 + 400 + 400 = 4,400. ఐదుగురు సమానంగా ఇస్తుంటే 2,000. ఒక్కరే ఇస్తుంటే 10,000. అంకె పెరిగేకొద్దీ ఆ సరుకు ఎదుటివాడి చేతిలో బేరసాధనం అవుతుంది. ఇక్కడా ఒక మాయ ఉంది. ఖనిజాన్ని ఐదు దేశాలు తవ్వినా దాన్ని శుద్ధి చేసేది ఒకే దేశమైతే శుద్ధి దశ అంకెనే తీసుకోవాలి, తవ్వకం అంకెను కాదు.

మూడోది నిల్వ ఎన్ని రోజులు. వాడదగ్గ నిల్వను రోజువారీ అవసరంతో భాగించడమే. ‘వాడదగ్గ’ అన్న మాట దగ్గరే లెక్క చెడుతుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఇంధన సంస్థ, సభ్యదేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన చమురు నిల్వ ఉంచాలంటుంది. ట్యాంకుల అడుగున ఉండి పంపుకు అందని చమురు వంటివాటికి నిల్వలో 10 శాతం తీసేస్తుంది. పైగా 90 రోజుల నికర దిగుమతి అంటే 90 రోజుల వాడకం అని చాలామంది రాసేస్తారు. వాడకంలో సగమే దిగుమతి చేసుకునే దేశానికి అది 45 రోజుల వాడకమే.

నాలుగోది బదులు దొరికే కాలం. కొత్త గని, కొత్త శుద్ధి కర్మాగారం, కొత్త అనుమతులు కలిపితే ఏళ్లు పడుతుంది. నిల్వ 60 రోజులుండి బదులుకు మూడేళ్లు పడితే మిగతా కాలమంతా ఖాళీ. ఈ ఖాళీ ఎంత పెద్దదైతే సరుకు అంత కీలకం.

2010 సెప్టెంబరులో, చైనా, జపాన్ రెండూ తమవనే సెంకాకు దీవుల దగ్గర ఆ రెండు దేశాల పడవలు ఢీకొన్న తర్వాత జపాన్‌కు చైనా నుంచి వెళ్లే అరుదైన మృత్తిక లోహాల సరఫరా ఆగిపోయింది. నిషేధమేమీ లేదని చైనా అధికారికంగా చెప్పింది. అప్పటికి జపాన్ తన అవసరంలో దాదాపు 90 శాతం చైనా నుంచే తెచ్చుకునేది. జపాన్ ఒకే మందు మీద ఆధారపడలేదు. ఆ లోహాలు తక్కువ పట్టే అయస్కాంతాల తయారీ, పాత వస్తువుల నుంచి లోహం తిరిగి తీయడం, నిల్వలు, ఆస్ట్రేలియా కంపెనీ లైనస్‌లో పెట్టుబడి ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టింది. అన్నీ కలిసినా ఆధారపడటం 60 శాతం దగ్గరికి రావడానికి ఏళ్లు పట్టింది. ఆస్ట్రేలియాలో తవ్విన ఖనిజాన్ని మలేసియాలో శుద్ధి చేసే ఏర్పాటు కూడా కుదిరాకే ఆ గని అక్కరకొచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చదువుకోండి. 1975 నవంబరులో స్వీడన్ చెప్పుల దిగుమతి మీద కోటా పెట్టి, యుద్ధకాలంలో దేశం చెప్పులు తయారు చేసుకోలేకపోతే భద్రతకు ముప్పు అని వాదించింది. తక్కిన దేశాలు నమ్మలేదు. తోలు, ప్లాస్టిక్ చెప్పుల మీద కోటాను 1977లో ఎత్తేసింది. పై లెక్కలు వేసి ఉంటే సంగతి ముందే తేలేది: చెప్పులు నిల్వ చేయవచ్చు, సరఫరాదారులు ఎందరో ఉన్నారు, ఉత్పత్తి మళ్లీ మొదలుపెట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

ప్రశ్న: సంస్కృతి కూడా కీలక ప్రయోజనమేనా? పాటకూ సినిమాకూ కోటాలు పెట్టడం సబబేనా, అసలు పని చేస్తాయా?

జవాబు: సబబే అని మా అభిప్రాయం. భాష ఒకసారి చదువు నుంచి, వ్యాపారం నుంచి తప్పుకుంటే తిరిగి తేవడం గని తెరవడం కంటే కష్టం. క్యూబెక్ 1977లో ఫ్రెంచి భాషా చట్టం తెచ్చింది ఈ భయంతోనే. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ప్రభుత్వ సహాయంతో చదవాలంటే సాధారణంగా ఫ్రెంచి బడికే వెళ్లాలన్నది దాని వెన్నెముక. సినిమా కోటాల కంటే బడి నియమమే అక్కడ భాషను నిలిపింది.

అంతర్జాతీయంగా కూడా దీనికి గుర్తింపు ఉంది. యునెస్కో 2005లో సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్యంపై ఒడంబడికను 148 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించినవి అమెరికా, ఇజ్రాయెల్ మాత్రమే. నాలుగు దేశాలు తటస్థంగా ఉన్నాయి.

పని చేస్తాయా అన్నది నియమం రాసిన తీరును బట్టి ఉంటుంది. ఫ్రాన్సు 1994 చట్టంతో, 1996 ఆరంభం నుంచి రేడియోల్లో పాటల కార్యక్రమాలలో కనీసం 40 శాతం ఫ్రెంచి పాటలు ఉండాలని, అందులో సగం కొత్త గాయకులవో కొత్త పాటలో కావాలని పెట్టింది. శ్రోతలు గణనీయంగా ఉండే వేళల్లోనే లెక్క కడతారు. ఆ షరతు లేకపోతే అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఫ్రెంచి పాటలు వేసి కోటా నింపేయవచ్చు. అయినా స్టేషన్లు ఇంకో సందు కనిపెట్టాయి: అవే కొన్ని హిట్ పాటలను పదేపదే వేయడం. అంకె నిండింది కానీ కొత్త గాయకులకు చోటు దొరకలేదు. 2016లో చట్టం మార్చారు. స్టేషన్ ఎక్కువగా వేసే పది ఫ్రెంచి పాటలు కోటా ప్రసారాల్లో సగం దాటితే, ఆ పైన వేసినవి లెక్కలోకి రావు.

కోటా బేరంలో పడితే ఏమవుతుందో దక్షిణ కొరియాలో చూడవచ్చు. థియేటర్లు ఏడాదికి 146 రోజులు దేశీయ చిత్రాలు ఆడాలన్న నియమం ఉండేది. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య చర్చలకు ముందు 2006లో దాన్ని 73 రోజులకు తగ్గించారు. నటులు, దర్శకులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. కొరియా సినిమా తర్వాత కూడా నిలబడింది. అప్పటికి పెట్టుబడి, శిక్షణ సంస్థలు, ప్రేక్షకులు ఏర్పడి ఉండటం దానికి కారణం. అవేవీ లేని చోట సగానికి కోసేస్తే అదే ఫలితం రాదు.

ప్రశ్న: ఒకే రాజ్యంలో రెండు మూడు జాతులుంటే ఎవరి ప్రయోజనం దేశ ప్రయోజనం? మైనారిటీకి వీటో ఇస్తే పాలన స్తంభించదా?

జవాబు: స్తంభించవచ్చు. ఇవ్వకపోతే మైనారిటీ ఆ రాజ్యాన్ని తనదిగా భావించదు. అందుకే వీటో ఉండాలా వద్దా అన్నదాని కంటే దాన్ని ఎలా అమర్చారన్నది చూడాలి.

బోస్నియా హెర్జెగోవినా 1995 డేటన్ ఒప్పందపు రాజ్యాంగంలో ‘కీలక ప్రయోజనం’ ఒక చట్టబద్ధమైన ఆయుధం. పార్లమెంటు ఎగువ సభలో 15 మంది ఉంటారు: ఐదుగురు బోస్నియాక్‌లు, ఐదుగురు క్రొయాట్‌లు, ఐదుగురు సెర్బులు. ఒక తీర్మానం తమ జాతి కీలక ప్రయోజనానికి విఘాతం అని ఆ జాతి ప్రతినిధుల్లో మెజారిటీ ప్రకటిస్తే, ఆ తర్వాత అది గెలవాలంటే మూడు జాతుల ప్రతినిధుల్లోనూ విడివిడిగా మెజారిటీ కావాలి. ఆ ప్రకటనకు వేరే జాతి ప్రతినిధుల మెజారిటీ అభ్యంతరం చెబితే, ఒక్కో జాతి నుంచి ఒకరు చొప్పున ముగ్గురి సంఘం కూర్చుంటుంది. ఐదు రోజుల్లో అది తేల్చకపోతే రాజ్యాంగ న్యాయస్థానానికి వెళుతుంది.

లోపం ఎక్కడుందంటే, రాజ్యస్థాయి రాజ్యాంగం ‘కీలక ప్రయోజనం’ అంటే ఏమిటో చెప్పలేదు. 2002లో రెండు ఘటక ప్రాంతాల రాజ్యాంగాలకు చేసిన సవరణలు మాత్రం జాబితా ఇచ్చాయి: ప్రభుత్వ అంగాల్లో ప్రాతినిధ్యం, జాతి అస్తిత్వం, రాజ్యాంగ సవరణలు, చదువు, మతం, భాష, సంస్కృతి, వారసత్వం, ప్రాదేశిక విభజన, ప్రజాసమాచార వ్యవస్థ వగైరా. చివర్లో ఒక తలుపు తెరిచి ఉంచారు: ఆ జాతి సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది అనుకుంటే మరే విషయమైనా ఈ జాబితాలో చేరుతుంది. అలాంటి తలుపు ఉన్నప్పుడు మొత్తం జాబితా అంత కట్టుబాటుగా పని చేయదు. ఇంకో సందు కోరం. సభ జరగాలంటే ప్రతి జాతి నుంచి కనీసం ముగ్గురు హాజరవ్వాలి. అంటే ముగ్గురు రాకపోతే చాలు, వీటో వాడకుండానే సభ ఆగిపోతుంది.

ఇంతకన్నా పెద్ద అన్యాయం ఈ మూడు జాతుల్లో లేనివాళ్లకు జరిగింది. రోమా, యూదు పౌరులు ఎగువ సభకు గానీ అధ్యక్ష మండలికి గానీ పోటీ చేయలేరు. ఇది వివక్ష అని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2009 డిసెంబరులో సెజ్‌దిచ్, ఫించి కేసులో తీర్పిచ్చింది.

బెల్జియం పద్ధతి వేరు. పార్లమెంటు సభ్యుల ఫ్రెంచి, డచ్చి భాషా బృందాల్లో ఏదైనా ఒక బృందంలోని నాలుగింట మూడు వంతుల మంది సంతకం పెడితే బిల్లు ఆగుతుంది; దీన్ని ‘ప్రమాద గంట’ అంటారు. మంత్రివర్గం 30 రోజుల్లో కారణాలతో అభిప్రాయం చెప్పాలి. ప్రధానిని మినహాయిస్తే మంత్రివర్గంలో రెండు భాషలవారూ సమాన సంఖ్యలో ఉంటారు. గంట మోగిస్తే విషయం సమానుల బల్ల మీదికి వెళుతుంది, అక్కడ రాజీ కుదర్చకపోతే ప్రభుత్వమే పడిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే దీన్ని వాడటం చాలా అరుదు. అడ్డుకునే హక్కుతో పాటు గడువు, ఆ గడువులో రాజీ కుదర్చవలసిన బాధ్యత రెండూ జత చేసినందువల్ల ఇది బోస్నియా ఏర్పాటు కంటే మెరుగ్గా నడిచిందని మేం భావిస్తాం.

ప్రశ్న: మా కీలక ప్రయోజనం అని చెప్పి ఒక దేశం సంతకం పెట్టిన ఒప్పందం నుంచి తప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పందంలోనే దారి ఉంటే తప్పుకోవచ్చు. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం పదో అధికరణ, దేశపు అత్యున్నత ప్రయోజనాలకు ముప్పు తెచ్చిన అసాధారణ పరిణామాలు వివరిస్తూ మూడు నెలల ముందస్తు నోటీసుతో వైదొలగనిస్తుంది. 2003లో ఉత్తర కొరియా వైదొలగుతున్నట్టు ప్రకటించింది దీని కిందనే.

వాణిజ్య ఒప్పందం గాట్‌లో 21వ అధికరణ ‘అత్యవసర భద్రతా ప్రయోజనాల’కు మినహాయింపు ఇస్తుంది. దేశం తనకు తానే నిర్ణయించుకుంటే చాలు, ఎవరూ ప్రశ్నించలేరని చాలాకాలం కొందరు వాదించారు. ఉక్రెయిన్ సరుకుల రవాణా మీద రష్యా పెట్టిన ఆంక్షల కేసులో 2019 ఏప్రిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ ఆ వాదన ఒప్పుకోలేదు. యుద్ధం లేదా అంతర్జాతీయ సంబంధాల్లో అత్యవసర స్థితి నిజంగా ఉందా అన్నది తాము చూస్తామంది. చూసి, ఆ కేసులో ఉందని రష్యా పక్షాన తేల్చింది. 2022 డిసెంబరులో అమెరికా ఉక్కు, అల్యూమినియం సుంకాల కేసుల్లో అలాంటి స్థితి లేదంది. అమెరికా ఆ తీర్పును తిరస్కరించింది.

ఒప్పందంలో దారి లేకపోతే మిగిలేది ‘ఆవశ్యకత’ వాదన. దానికి షరతులు కఠినం: ప్రయోజనం అత్యవసరమైనదై ఉండాలి, ముప్పు తీవ్రంగా, ఆసన్నంగా ఉండాలి, వేరే మార్గం ఉండకూడదు, ఎదుటి దేశపు అత్యవసర ప్రయోజనాన్ని బాగా దెబ్బతీయకూడదు, ఆ పరిస్థితికి తాను కూడా కారణమై ఉండకూడదు. డాన్యూబ్ నది మీద ఆనకట్టల కోసం 1977లో చెకోస్లొవేకియాతో ఒప్పందం చేసుకున్న హంగరీ, పర్యావరణ భయంతో 1989లో పనులు ఆపింది. 1997 సెప్టెంబరు తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం పర్యావరణాన్ని అత్యవసర ప్రయోజనంగా ఒప్పుకుంది. అయినా ముప్పు ఆసన్నం కాదని, వేరే మార్గాలు ఉన్నాయని, ఆ స్థితికి హంగరీ కూడా కారణమేనని చెప్పి వాదన తోసిపుచ్చింది. షరతుల్లో ఒక్కటి తప్పినా కేసు పోతుంది. ఫైలు తయారు చేసే న్యాయవాదులు ‘వేరే మార్గం లేదు’ అన్నదానికే ఎక్కువ సాక్ష్యం పోగుచేయాలి. చాలా వాదనలు ఓడేది అక్కడే.

ప్రశ్న: కీలక ప్రయోజనాలను బహిరంగంగా ప్రకటించాలా, గుట్టుగా ఉంచాలా?

జవాబు: రెండు పద్ధతులకూ నష్టాలున్నాయి. 1981లో బ్రిటన్ ఖర్చు తగ్గించుకోవడానికి దక్షిణ అట్లాంటిక్‌లోని గస్తీ నౌక ఎండ్యూరెన్స్‌ను వెనక్కి తెస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది పౌరసత్వ చట్టంలో, అక్కడ బ్రిటన్ ఏలుబడిలో ఉండి అర్జెంటీనా కూడా తనవే అనే ఫాక్‌లాండ్ దీవుల వాసులు చాలామందికి పూర్తి పౌరసత్వం దక్కలేదు. దీవులు తమకు అంచున ఉన్న విషయమే అన్నట్టు అది కనిపించింది. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సేనలు దిగాయి. బ్రిటన్ నౌకాదళాన్ని పంపి జూన్ 14 నాటికి దీవులు తిరిగి తీసుకుంది. మొదటే స్పష్టంగా చెప్పి ఉంటే ఆ 900కు పైగా ప్రాణాలు దక్కేవేమో.

ప్రకటించినప్పుడేమో వెనక్కి తగ్గే దారి మూసుకుపోతుంది. సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లోకి వెళ్లిన కొద్ది వారాలకు, 1980 జనవరి 23న అమెరికా అధ్యక్షుడు కార్టర్, పర్షియన్ సింధుశాఖను అదుపులోకి తెచ్చుకోవడానికి బయటి శక్తి చేసే ఏ ప్రయత్నాన్నైనా అమెరికా కీలక ప్రయోజనాల మీద దాడిగా చూస్తామన్నాడు. ఆ ఒక్క వాక్యం తర్వాత ఆ ప్రాంతంలో స్థావరాలు, నౌకలు, ప్రత్యేక సైనిక కమాండ్ దశాబ్దాల పాటు ఖర్చుగా మిగిలాయి.

హద్దును బహిరంగంగా చెప్పి, బేరాన్ని గుట్టుగా ఉంచడం మాకు మేలనిపిస్తుంది. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు ఉండకూడదని అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ టీవీలోనే చెప్పాడు. టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులను తీసేస్తామన్న మాటను మాత్రం ఆయన సోదరుడు సోవియట్ రాయబారికి ఏకాంతంగా చెప్పాడు. ఆ క్షిపణులు అప్పటికే పాతబడ్డాయి, పట్టికలో మూడో మెట్టుకు మించినవి కావు. 1963 ఏప్రిల్ నాటికి వాటిని దించేశారు.